క్రిస్మస్ తాతకు కొట్టిన కొబ్బరికాయ

ఆ రోజుల్లో మనిషికి గొంతుంటే చాలు, బతుకుతెరువు దొరికేది. నాకు చదువు అంతంతమాత్రం, ఆస్తి అంతకన్నా తక్కువ, గొంతు మాత్రం దేవుడు కొలవకుండా ఇచ్చాడు. కేసముద్రం స్టేషను దగ్గర నేను మైకులో దగ్గితే మార్కెట్ యార్డులో ఎడ్లు తలెత్తి చూసేవని దోస్తులు అనేవాళ్లు (అబద్ధమే, కానీ నేనెప్పుడూ ఖండించలేదు). ఆ గొంతు పుణ్యాన డేరా టాకీసులో కొలువు దొరికింది. పొద్దంతా రిక్షాకు మైకు కట్టుకుని ఊరూరా సినిమా పేరు అరవడం, పొద్దుగూకాక గేటు దగ్గర టికెట్లు చింపడం. ఎనభయ్యవ దశకం మొదట్లో, ఇరవై రెండేళ్ల వయసులో, అంతకన్నా గొప్ప ఉద్యోగం కలెక్టరుకు కూడా లేదని నా నమ్మకం.

ఆ నమ్మకం మా మేనమామకు లేకపోవడమే చిక్కు. ఆయనకు మిర్చి అడ్తి దుకాణం, పెద్ద మీసాలు, నా మరదలు ఉన్నాయి. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మరదలికీ నాకూ చిన్ననాటి నుంచీ మాట ఉందని ఊరందరికీ తెలుసు, మామకూ తెలుసు. అయినా "మైకుల ఒర్రెటోనికి పిల్లనిస్తనా? దాన్ని గూడ రిక్షాల తిప్పుతడా?" అని తేల్చేసి, హన్మకొండ నుంచి ఒక బ్యాంకు పెళ్లికొడుకును పిలిపించాడు. సరిగ్గా క్రిస్మస్ నాడు పిల్లను చూడటానికి వచ్చాడతను. తెల్లారితే తాంబూలాలు. మరదలు మా దర్వాజ దాకా వచ్చి, "ఏం జేస్తవో జెయ్యి బావా, రేపు పొద్దుగాల దాంక టైమున్నది" అని, నాకు లేని తెలివితేటల మీద భారమంతా వేసి వెళ్లిపోయింది.

ఇక సినిమా సంగతి. డేరా యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఆ పండక్కి 'క్రిస్మస్ సినిమా' ఒకటి పంపమని విజయవాడకు కబురు పెట్టాడాయన. శివరాత్రికి శివుడి సినిమా, రామనవమికి రాముడి సినిమా వేసే మాకు, క్రిస్మస్ సినిమా అంటే యేసు ప్రభువు భక్తి సినిమా కాక ఇంకేమవుతుంది? సినిమా రీళ్ల పెట్టె రైలు దిగకముందే "తరలి రండి, భక్తిరసం పొంగిపొర్లే చిత్రం" అని చుట్టుపక్కలంతా ఒర్రి వచ్చాను. భక్తి సినిమాకు మా దగ్గరొక ఆనవాయితీ ఉండేది. చెప్పులు బయట విప్పాలి, తెర మీద దేవుడు కనబడగానే కొబ్బరికాయ కొట్టి హారతివ్వాలి. ఏ దేవుడైతే ఏం, దేవుడు దేవుడే అని ఆ సాయంత్రం జనమంతా కాయలూ కర్పూరంతో దిగారు. కుర్చీ క్లాసులో మామ, పక్కన బ్యాంకు పెళ్లికొడుకు. ఆడవాళ్ల వైపు మా అమ్మమ్మ (అంటే మామకు కన్నతల్లి), ఆమె పక్కన మరదలు.

దీపాలు ఆరాయి. తెర మీద అంతా మంచు. ఆ మంచులో పొట్టి గౌను తెల్లపిల్ల ఒకతె జారి, ఎవడో కుర్రాడి ఒళ్లో పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు, అదీ ఇంగ్లీషులోనే. జనం కాసేపు ఓపిక పట్టారు. తర్వాత నేల క్లాసులోంచి "ఏందిరా గిది? దేవుడేడి?" అని ఒక కేక, "డేరా చింపుతం!" అని ఇంకో కేక. సేటు చెమటలు తుడుచుకుంటూ పరుగున వచ్చి మైకు నా చేతిలో పెట్టాడు. "నీ బాంచెన్, ఏదో ఒకటి జెప్పు, లేకుంటే ఇయ్యాల గుంజలు గూడ మిగలయ్!"

నాకొచ్చిన ఇంగ్లీషు టికెట్టు, ఇంటర్వెల్. అయినా మైకు చేతికొస్తే నాకు ఎక్కడలేని ధైర్యం. "అయ్యలారా, అవ్వలారా! దేవుడు జర ఎనకొస్తడు, ముందుగాల గీ పిలగాని గోస ఇనున్రి" అని మొదలుపెట్టాను. తెర మీద పెదవి కదిలినప్పుడల్లా నా నోట్లోంచి మాట. "ఏం పిల్లా, మంచుల గిట్ల తిరిగితె సర్ది వట్టదా?" "వట్టనియ్యి, నువ్వున్నవ్ గద కషాయం వెట్టెతందుకు!" అంతే, డేరా అదిరిపోయింది. అప్పటిదాకా సినిమాల్లో మా మాట మాట్లాడేది తన్నులు తినే రౌడీయో, నవ్వులపాలయ్యే నౌకరో. మేమూ నవ్వేవాళ్లం, ఏం చేస్తాం! ఆ రోజు కోటు తొడిగి టై కట్టిన హీరో మా కేసముద్రం మాట మాట్లాడుతుంటే, చందమామ లాంటి పిల్ల ఆ మాటకే పడిపోతుంటే ఈలలే ఈలలు. నాకూ హుషారొచ్చింది. చూస్తుండగానే హీరో మైకులో అరిచే కొలువులో చేరాడు, ఆ పిల్ల వాడి మేనమామ కూతురైంది.

అంతలో ఎర్ర అంగీ, తెల్లగడ్డంతో బొద్దుగా ఒక ముసలాయన గంట ఊపుతూ తెర నిండా కనబడ్డాడు. "అగో, వచ్చిండు దేవుడు!" అని మా అమ్మమ్మ లేచింది. ఆయన ఉత్త క్రిస్మస్ తాత అని చెప్పేలోపే తెర ముందు బండ మీద ఫట్టున కాయ పగిలింది. ఆమె వెనక ఎన్ని కాయలు పగిలాయో! కర్పూరం పొగలో ఆ తాత నిజంగానే దేవుడిలా వెలిగాడు. నేరుగా వచ్చి హీరో చేతినీ, పిల్ల చేతినీ పట్టుకున్నాడు. ఇంతకన్నా మంచి ముహూర్తం నాకు మళ్లీ రాదు. "బిడ్డా, మైకుల ఒర్రితె ఏంది? గీ పిలగాని మనసు మంచిది. నీ మరదల్ని నీకే ఇస్తున్న. ఎవడడ్డమొస్తడో సూస్త!" అన్నాను, ఉన్న గొంతంతా పెట్టి.

బ్యాంకు పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు. "అంతా అబద్ధమండీ! ఆయన దేవుడు కాదు, ఆ అమ్మాయి తండ్రి. వేషం వేసుకున్నాడు. అబ్బాయిని పొమ్మంటున్నాడు, చేతులు విడదీస్తున్నాడు!" అతను చెప్పిందే నిజమని నాకూ అనిపించింది. కానీ నేల క్లాసు వింటేనా? "నువ్ కూసో సారూ!" అంది ఒక్క గొంతుతో. మా మామ కూడా కండువాతో కళ్లొత్తుకుంటూ "జర ఊకో బాబూ, కత నడుస్తున్నది" అన్నాడు. చివరికి తెర మీది జంటకు చర్చిలో పెళ్లయింది, పిల్ల చెయ్యి అందించింది ఆ ముసలాయనే. ఇంగ్లీషు ఓడింది, నా గొంతు గెలిచింది!

దీపాలు వెలగగానే అమ్మమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని కుర్చీ క్లాసుకు వచ్చేసింది. "కొడుకా, దేవుడు జెప్పంగ ఇంటివి గద? నేను కాయ గొట్టిన. కాయ గొట్టినంక మాట తప్పితె ఇంటికి అరిష్టం. పిల్లకు బావనే మొగడు." ఆడవాళ్ల వైపు నుంచి "ఇయ్యాలె, ఇయ్యాలె!" అని అరుపులు, అందులో అందరికన్నా పెద్ద గొంతు మా మరదలిది. మామ మీసం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "నీ గొంతు పాడుగాను, నన్ను గూడ ఏడిపిస్తివి గదరా! పొద్దుగాల మీ నాయిన్ను తోలుకొని రా" అన్నాడు. నన్ను రిక్షా ఎక్కించి, మైకు చేతికిచ్చి, ఊరేగించారు మావాళ్లు.

మొన్న క్రిస్మస్‌కు మా బిడ్డ టీవీలో అలాంటిదే ఏదో ఇంగ్లీషు సినిమా పెట్టింది. మంచు, పిల్ల, పిల్లగాడు. నా మరదలు (ఇప్పుడు నలుగురు మనవల అమ్మమ్మ) రిమోట్ అందుకుని సప్పుడు బంద్ చేసింది. "గా ఇంగ్లీషు మనకెందుకు, నువ్వు జెప్పు బావా" అంది. గొంతు సవరించుకున్నాను. ఇప్పుడు నేను దగ్గితే పక్కింటి పిల్లి కూడా తలెత్తదు. అయినా "ఏం పిల్లా, మంచుల గిట్ల తిరిగితె సర్ది వట్టదా?" అన్నాను. ఆమె టీవీ వైపు చూడనే లేదు. "వట్టనియ్యి, నువ్వున్నవ్ గద" అంది. నాలుగు రోజులుగా ఆమెకు నిజంగానే సర్ది. నవ్వుకుంటూ లేచి, అల్లం దంచడానికి వంటింట్లోకి నడిచాను.