సాగని దారంతో జితాడా వేట

నా చేత్తో కట్టిన గోడ ఒక్కటీ ఇంతవరకు కూలలేదు. కూలింది నేనే. అదీ ఒక్కసారే, ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున, మోకాలి లోతు బురదలో, వియ్యంకుడి కళ్ళ ముందు. ఎలా కూలానో దాచకుండా చెబుతాను. నవ్వుకోండి, నాకేం ఇబ్బంది లేదు. బొంబాయిలో మా కామాఠీపురా చాల్లో, అంటే మా వరస గదుల మేడలో, పదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. మీరూ చేరితే ఆ కుప్ప మీద మరో తట్ట మట్టి, అంతే.

అప్పుడు నాకు యాభై తొమ్మిది. ఇక పరంజా ఎక్కం అని మోకాళ్ళు మొండికేసిన ఏడాది. తాపీ మేకుకు తగిలించి ఇంట్లో కూర్చున్నాను. పది అడుగుల గదిలో మగవాడు పొద్దంతా కూర్చుంటే ఏమవుతుందో పెళ్ళయిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. మా నర్సమ్మ నెల రోజులు ఓర్చుకుంది. తర్వాత ఎదురు గది బాలయ్యను పిలిచి, నా ముందే అంది:

"అన్నా, ఈయనను నీతోని తోల్కపో. సముద్రంల ముంచి వచ్చినా నేనేం అడుగ."

బాలయ్య నన్ను ముంచలేదు, గాలం చేతికిచ్చాడు. కర్ర, దానికో గిలక, గిలక నిండా తంగూసు. తంగూసు అంటే మరేం లేదు, నైలాను తీగ. ఒంటి పోగు, గాజులా తెల్లగా ఉంటుంది, లాగితే రబ్బరులా కొంచెం సాగుతుంది. ఆ సాగడమే నాకు మొదటి రోజు నుంచీ గిట్టలేదు. నలభై ఏళ్ళు ఇటుక వరసకు దారం కట్టిన చేతులివి. సాగే దారం చూసి కట్టిన గోడ పాము పాకినట్టు వస్తుంది. దారం అంటే బిగిస్తే టంగుమనాలి. ఇది ఆవలించినట్టు సాగుతుందేమిటి?

ఆరు నెలల్లో నేను పట్టినవి: వేలెడేసి చేపలు ఓ పాతిక, ఎడమ కాలి చెప్పు ఒకటి. అయినా గాలాల మీద ఉపన్యాసాలిచ్చే స్థాయికి చేరుకున్నాను. ఈత రాని వాడికే నది లోతు బాగా తెలుస్తుందంటారు కదా. అనరా? అయితే ఇప్పుడు నేను అన్నాను, రాసుకోండి.

ఇలా ఉండగా మా బిడ్డ సుజాత పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల వచ్చాక మా గదికి కిటికీ ఇంకొకటి తెరిచినట్టయింది. నర్సమ్మ నడుం నొప్పి ఏ గల్లీలోకి పారిపోయిందో తెలియదు. మూడో నెల ముగియవస్తోందనగా పాలమూరు బస్సు దిగాడు మా వియ్యంకుడు సాయన్న, కోడలినీ మనవరాలినీ తీసుకుపోవడానికి.

మా వాళ్ళలో పద్ధతి ఏమిటంటే, బాలింతను బేసి నెలలోనే అత్తవారింటికి తోలాలి. మూడో నెల తప్పితే ఐదో నెలే, నాలుగులో కదిలించరు. సోమవారం దాటితే నాలుగో నెల పడుతుంది. అంటే సోమవారం బస్సు ఒక్కటి తప్పిందంటే పిల్ల ఇంకో నెలకు పైగా మా ఒళ్ళోనే ఉంటుంది. నర్సమ్మ ఈ లెక్క వేళ్ళ మీద వేసి, శుక్రవారం పొద్దున నా వైపు ఒక చూపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ చూపుకు అర్థం ఒకటే: ఏదో ఒకటి చెయ్యి.

చేశాను. అన్నం దగ్గర సాయన్న చేప ముక్క పక్కకు నెట్టి, "బావా, మీ బొంబాయి చేప నీచు వాసన. మా కృష్ణ చేప తిన్న నోటికి ఇది పట్టది" అన్నాడు.

"నువ్వు జితాడా తినలే బావా. తింటే గిట్లనవు."

జితాడా అని మరాఠీ వాళ్ళు అంటారు. కోస్తా వాళ్ళు పండుగప్ప అంటారట. ఏ పేరుతో పిలిచినా వెండి పళ్ళెంలా మెరిసే చేప, చేతికి చిక్కని చేప.

"తెచ్చి పెట్టరాదు మరి."

"తెచ్చుడెందుకు? ఆదివారం నా చేత్తోని పట్టి నీ పళ్ళెంల పెడ్త."

"పెడితే?"

"పెడితే పిల్ల ఐదో నెల దాకా మా ఇంట్ల. పట్టకుంటే సోమవారం బస్సు నేనే ఎక్కిస్త."

సాయన్న నవ్వి చేయి చాచాడు. నేను చేతిలో చేయి వేశాను. వాకిట్లో బాలయ్య సాక్షి. చేప లేదు, కూర లేదు, వియ్యంకుడి పళ్ళెం కడిగి పెట్టాను. వెనక నుంచి సుజాత మెల్లగా అడిగింది: "నాయినా, ఇంతకు ముందు ఎన్నడన్న జితాడా పట్టినవా?" ఆడపిల్లలను చదివించకూడదని నేననను గానీ, ఇలాంటి ప్రశ్నలు వస్తాయి.

శనివారం నాగ్‌పాడా అవతల గాలాల దుకాణానికి వెళ్ళాను. ముసలి చాచా ఒకాయన కూర్చుని ఉన్నాడు. నా సంగతి చెప్పగానే ఆకుపచ్చ దారం చుట్ట ఒకటి తీసి చూపించాడు. సన్నని పోగులు కలిపి జడలా అల్లిన దారం. రెండు చేతులా పట్టి లాగాను. సాగలేదు. ఇంకా లాగాను. నా భుజం సాగింది గానీ దారం సాగలేదు. పెళ్ళిచూపుల్లో నర్సమ్మను చూసినప్పుడు కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు. (ఆమె ఈ వాక్యం చదవదని నమ్మకం.)

చాచా హిందీలో నెమ్మదిగా చెప్పాడు, మూడు మాటలు. ఒకటి, ఈ దారం నున్నగా ఉంటుంది, ఒట్టి గిలక మీద పట్టు దొరకదు, అడుగున పది చుట్లు తంగూసు చుట్టి దాని మీద ఇది ఎక్కించు. రెండు, కొస దగ్గర బారెడు తంగూసు ముడెయ్యి, రాళ్ళకు అదైతే ఓర్చుకుంటుంది. మూడు, చేతికి మాత్రం చుట్టుకోకు, కోస్తుంది.

నేను తల ఊపాను. తల ఊపడం, వినడం వేరువేరు పనులని అప్పటికి నాకు తెలియదు.

ఇంటికొచ్చి పాత తంగూసు మొత్తం పీకేస్తుంటే బాలయ్య వచ్చాడు.

"అరే మేస్త్రీ, మొత్తం తీస్తున్నవేంది? అడుగున జర ఉండనియ్యి. రెండూ కావాలె బాబా. జడదారం బలానికి, తంగూసు పట్టుకు."

"బాలన్నా, పాత గోడ మీద కొత్త గోడ లేపినోన్ని నేను కాదు. పునాది కెల్లి ఒక్కటే మాలు ఉండాలె."

"ఇది గోడ కాదు, గాలం."

"దారం దారమే."

"బరోబర్. నీ చేప, నీ దారం, నీ వియ్యంకుడు" అని బాలయ్య బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు.

దారం చుట్ట మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. సుజాత నాకు తెలుగు అక్షరాలు నేర్పి రెండేళ్ళే అయింది, ఇంగ్లీషు జోలికి మేం పోలేదు. పక్కన బొమ్మ మాత్రం ఉంది: గిలక అడుగున తెల్లటి పట్టీ, దాని మీద ఆకుపచ్చ దారం. ఆ పట్టీ అందానికి వేశారనుకున్నాను. నున్నటి గిలకకు జడదారం నేరుగా కట్టేశాను. ఏ ముడి వేశానంటారా? ఇటుకకు దారం కట్టే ముడి. మా పనిలో ఆ ముడికి ఉన్న గొప్పతనం, వరస పూర్తయ్యాక ఒక్క లాగు లాగితే జారి వచ్చేస్తుంది. ఆ గొప్పతనం నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ ఒక్క శనివారం మాత్రం గుర్తు రాలేదు.

ఆదివారం వాన తుంపర. పోటు ఎక్కే వేళకు ముగ్గురం ఖాడీ ఒడ్డుకు చేరాం. సాయన్న తెల్ల ధోతీ కట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, నా ఓటమి చూడటానికి పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. రొయ్యను ముల్లుకు గుచ్చి విసిరాను. జడదారం గాలిలో పాడుకుంటూ పోయి, నా తంగూసు ఎన్నడూ పోనంత దూరం వెళ్ళి పడింది.

"చూసినవా బాలన్నా?"

"పోవుడు చూసిన. వచ్చుడు చూడాలె" అన్నాడు బాలయ్య.

గంట గడిచింది. సాయన్న ఆవలించాడు. "బావా, సోమవారం బస్సు ఎన్ని గంటలకన్నవ్?" అని అడిగేంతలో నా కర్ర వంగింది. వంగడం అంటే మామూలు వంగడం కాదు. అప్పుడే జీతం అందుకున్న గుమాస్తా యజమానికి దండం పెట్టినట్టు నీళ్ళ దాకా వంగింది. అల్లంత దూరాన వెండి ముద్ద ఒకటి నీళ్ళలోంచి ఎగిరి, తల విదిలించి, దభేలున పడింది.

"జితాడా" అన్నాడు బాలయ్య. బీడీ నోట్లోంచి జారిపోయింది.

నేను గిలక తిప్పడం మొదలుపెట్టాను. తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. బావిలో చేద తోడినట్టు తిప్పాను. చేప మాత్రం దగ్గరకు రాలేదు సరికదా, ఇంకా దూరం పోతోంది.

"తిప్పు మేస్త్రీ."

"తిప్పుతున్న గదా."

"మరి దారం వస్తలేదేంది?"

వంగి చూశాను. గిలక మీద దారం మొత్తం ఒకే ముద్దగా, నూనె రాసుకున్న పహిల్వానులా, గుండ్రంగా జారుతోంది. నేను ఒక చుట్టు చుడితే అది ఒకటిన్నర చుట్టు వెనక్కి తిరుగుతోంది. బిగించే మర మొత్తం బిగించాను. ఏం లాభం? మర గిలకను పట్టుకుంది, దారాన్ని పట్టుకున్నవాడు లేడు. చివరికి అడుగున నా ఇటుక ముడి తన నలభై ఏళ్ళ ధర్మం పాటించింది. ఒక్క లాగుకు జారి విడిపోయింది.

దారం కొస గిలక మీద నుంచి పాములా లేచి పోతుంటే కర్ర పారేసి దూకి పట్టుకున్నాను. చాచా చెప్పిన మూడో మాట కూడా ఎందుకు మిగలాలి? అరచేతికి రెండు చుట్లు చుట్టాను. చేప ఒక్క గుంజు గుంజింది. తంగూసు అయితే కాస్త సాగి నన్ను క్షమించేది. ఇది సాగని దారం. ఆ గుంజు నేరుగా నా అరచేతిలోకి వచ్చింది, అక్కడి నుంచి మోకాళ్ళలోకి, అక్కడి నుంచి బురదలోకి. బొక్కబోర్లా పడ్డాను. ఆ బురదలో నాకు కనిపించింది చేప కాదు. మూటలు కట్టిన సుజాత, ఖాళీ ఉయ్యాల పక్కన నర్సమ్మ.

"ఇడువు బావా, చేయి తెగుతది" అంటూ ఎవరో నన్ను దాటి నీళ్ళలోకి దిగారు. తెల్ల ధోతీ. సాయన్న తువ్వాలు చేతికి చుట్టుకుని దారం అందుకున్నాడు. చేప గుంజితే వదులుతాడు, అలిస్తే లాగుతాడు. దారం సాగకపోతే మనిషే సాగాలని ఆ కృష్ణ ఒడ్డు మనిషికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. నడుం లోతు నీళ్ళలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. నవ్వుతున్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడి నవ్వు. చివరికి మొప్పల్లో వేళ్ళు దూర్చకుండా, తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. మూరన్నర జితాడా.

అది నా పక్కన బురదలో పడి నన్ను చూసింది. ఇద్దరం ఒకేలా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాం.

"ఇంతకూ ఎవరు గెలిచిన్రు?" అడిగాను.

బాలయ్య కొత్త బీడీ ముట్టించి తీర్పు చెప్పాడు: "గాలం మేస్త్రీది. దారం మేస్త్రీది. తప్పు మేస్త్రీది. చేప సాయన్నది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడిని చూశాం. వియ్యంకుడు పట్టిన చేపకు తానే గాలం వేశాననేవాడిని నన్నే చూశారు. ఓడిపోయాను.

ఆ పూట కూర అమృతం. సాయన్న తల కూడా వదల్లేదు, ముళ్ళు చీకాడు. నర్సమ్మ అందరికీ ముక్కలు వడ్డించి, నా పళ్ళెంలో పులుసు మాత్రం పోసింది. నా చేతి కట్టు చూసి కూడా ముక్క వెయ్యలేదు. ముప్పై ఏళ్ళలో అంతకన్నా పెద్ద తిట్టు నేను తినలేదు.

సోమవారం సుజాత మూటలు కట్టింది. పిల్లకు దిష్టి చుక్క పెట్టారు. రిక్షా పిలుద్దామని సాయన్న కోసం చూస్తే మనిషి లేడు. గదుల ముందు గ్యాలరీ చివర బాలయ్య దగ్గర కూర్చుని ఉన్నాడు. మధ్యలో నా గిలక. అడుగున తంగూసు, దాని మీద జడదారం, ఇద్దరూ కలిసి చక్కగా ఎక్కిస్తున్నారు.

"బావా, బస్సు టైమైతుంది" అన్నాను. మాట ఇచ్చినవాడిని కదా, తప్పదు.

సాయన్న తలెత్తలేదు. "పోటు ఎన్నిటికి ఎక్కుతది?"

"మూడింటికి. బస్సు రెండున్నరకు."

"బస్సు రోజూ ఉంటది బావా."

"రేపు నాలుగో నెల పడుతది."

"పడనియ్యి. సరి నెలల పిల్లను కదుపరాదు, అది మన పద్ధతి. ఐదో నెలల పోదాం."

పోదాం అన్నాడు. ఆ మాట మీకు తట్టిందా? నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. పొలం కొడుకులకు అప్పజెప్పి, ఐదో నెల వచ్చేదాకా ఆ వానల్లో సాయన్న మా గదిలోనే ఉన్నాడు. కింద చాప మీద నర్సమ్మ, సుజాత, పిల్ల. గోడ పక్కన నా జాగాలో సాయన్న. నేను సామాన్ల అటక మీద, బియ్యం డబ్బాకూ వినాయకుడి పీటకూ మధ్య. ఆయన గురక పెడితే తాపీ మేకు మీద ఊగేది. నర్సమ్మ మాత్రం పొద్దున లేచి, పిల్లను ఒళ్ళో వేసుకుని, అటక వైపు చూసి నవ్వేది. నేను ఓడి గెలిచిన మొదటి పందెం అది. అటక మీద కూడా మనిషి సుఖంగా నిద్రపోగలడని ఆ వానాకాలమే తెలిసింది.

కాబట్టి, చదివేవాళ్ళందరి సాక్షిగా, తాపీ మీద చేయి పెట్టి ఈ పెద్దమనిషి చేసే ప్రమాణం: అడుగున తంగూసు చుట్టని గిలక ముట్టను. ఇటుక ముడి ఇటుకకే వేస్తాను. దుకాణంలో చాచా చెప్పిన మూడు మాటల్లో కనీసం రెండు వింటాను. అన్నిటికన్నా ముఖ్యంగా, వియ్యంకుడి చేతికి ఎన్నడూ గాలం దారం అందనివ్వను. నా మనవరాలి మీద ఒట్టు.

సెలవులకు వచ్చి పక్కనే కూర్చున్న ఆ మనవరాలు ఇదంతా చదివి, "ఒట్టు నా మీద వద్దు తాతా, చేప మీద ఏస్కో" అంటోంది. "సాయన్న తాత రేపు పొద్దుగాల బస్సు దిగుతుండు. ఈసారి రెండు గాలాలు తెస్తుండంట."

అటక దులపాలి.