మా వదిన హస్తవాసి

మా వదిన నర్సు. ఆవిడ సూది గుచ్చితే నొప్పి తెలియదని ఆసుపత్రి అంతా ఒకటే మాట. మహమ్మారి మొదటి వేవ్‌లో ఆవిడ వార్డు నుంచి చాలామంది నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు. "హస్తవాసి అంటే నీదేనమ్మా" అని వాళ్లంటుంటే ఉబ్బితబ్బిబ్బయ్యేది. మా అన్నయ్య తలనొప్పి మాత్ర వేసుకున్నా ఆవిడ చేతి మీదుగానే వేసుకోవాలి. లేదంటే అలక.

ఆ మురిపెం కాస్తా రెండో వేవ్‌లో ఆవిరైపోయింది. అదే వార్డు, అవే చేతులు, మరణాలు మాత్రం పెరిగాయి. వదిన నవ్వడం మానేసింది.

"నా చెయ్యి మంచిది కాదు. దుప్పట్ల గదికి మార్చమని అడిగాను. సోమవారం నుంచి అక్కడే," అంది.

నాకు ఏడుపొచ్చింది. అంత పనిమంతురాలు దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చోవడమా!

అదే ఆసుపత్రిలో వేవ్‌ల వారీగా మరణాలు పోల్చి చూడటం నా ఉద్యోగం. మొదట నేనూ బుద్ధిలేకుండా గుండుగుత్తగా పోల్చాను. మొదటి వేవ్‌లో నూటికి పదిమంది పోతే, రెండో వేవ్‌లో పదిహేనుమంది. తర్వాత నడిచొచ్చి చేరినవాళ్లను ఒక పక్కకూ, ఊపిరాడక స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లను మరో పక్కకూ విడదీశాను. చూద్దును కదా, ఏ పక్క చూసినా నూటికి పోయినవాళ్లు రెండో వేవ్‌లోనే తక్కువ! కాకపోతే ఈసారి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకే మొత్తం పెరిగింది.

ఇంటికి వెళ్లగానే వంటింట్లోకి పరిగెత్తి చెప్పాను.

"నన్ను ఊరడించడానికి అల్లుకొచ్చావు కదూ?" అంది వదిన, గరిటె తిప్పుతూ.

"నిన్ను ఊరడించే ఓపిక మా అన్నయ్యకే లేదు, నాకెక్కడిది? జనం ఆలస్యంగా వచ్చారు వదినా. అయినా మునుపటికంటే బాగానే నిలబెట్టారు మీరు. ఇందులో నీ చెయ్యి చేసిన పాపమేముంది?"

వదిన పొయ్యి కట్టేసింది.

"అయితే మొదటి వేవ్‌లో బతికినవాళ్లు కూడా నా చేతి చలవ కాదన్నమాట. వేళకొచ్చారు కాబట్టి బతికారు."

అంతదూరం నేను ఆలోచించలేదు. మంచి హస్తవాసి అన్న ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

"పోనిద్దూ," అంది చివరికి, కళ్లు తుడుచుకుని. "ఆ గొప్పా వద్దు, ఈ పాపమూ వద్దు."

సోమవారం వదిన వార్డులోనే ఉంది. జబ్బు నయమై ఇంటికి బయల్దేరిన ఒక ముసలావిడ ఆమె చేతులు పట్టుకుని, "ఎంత మంచి హస్తవాసి తల్లీ నీది!" అంది. గుమ్మంలో ఉన్న నేను చెవులు రిక్కించాను.

వదిన హాయిగా నవ్వింది. "హస్తవాసీ లేదు, ఏమీ లేదు మామ్మగారూ. మీరు వేళకొచ్చారు. వెళ్లి మీ వీధిలో అందరికీ చెప్పండి, ఆయాసం మొదలవగానే రమ్మని."