చివర పలకని ‘స’

నా చిన్నప్పుడు మా యానాంలో ఇంకా ఫ్రెంచివాళ్ళ పాలనే ఉండేది. మీరు ఇప్పుడు మాంట్రియల్ బడిలో వల్లెవేస్తున్నారే, ‘వనీర్’ అని, అదే రావడం అనే క్రియ, దాన్ని నేను ఏడేళ్ళకే గోదావరి ఒడ్డున వల్లెవేశాను పిల్లలూ. పుదుచ్చేరి నుంచి వచ్చిన మేష్టారు బెత్తం ఆడిస్తుంటే తాళం తప్పకుండా చెప్పేదాన్ని. అన్నిట్లోకీ నాకు నచ్చిన రూపం ‘వియాంద్రా’. అంటే, వస్తాడు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. పెళ్ళయిన రెండేళ్ళకే వాళ్ళాయన ఫ్రెంచి సైన్యంలో చేరి సైగాన్ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మనవాళ్ళెవరూ ‘వెళ్తున్నాను’ అనరు కదా. ఆయనా ‘వస్తానే’ అనే అన్నాడట. ఆ ఒక్క మాటనే అక్క మా అమ్మ దగ్గర మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది. ఏడాదిన్నరగా ఉత్తరం లేదు.

ఆ ఏడు గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. ఎవరో తోటి సిపాయి ఫ్రెంచిలో రాశాడు. ఫ్రెంచి బాగా వచ్చిన మా తాతయ్య, దొరల ఆఫీసులో గుమాస్తా, కంటి వైద్యానికని కాకినాడ వెళ్ళి ఉన్నాడు. అక్క ఆగలేకపోయింది.

“బుల్లీ, నువ్వు దొరల బడికి వెళ్తున్నావు కదే. ఏం రాశారో చూడు.”

చిన్న ఉత్తరం. అందులో నాకు తెలిసిన మాటలు మూడే. ‘మరి’ అంటే మొగుడు. నాకిష్టమైన ‘వియాంద్రా’ ఉంది. దాని వెనకే ‘ప్లూస్’ ఉంది. అది రోజూ లెక్కల్లో వచ్చేదే, రెండు ప్లూస్ రెండు. ‘వియాంద్రా’కి ముందు ‘న’ అని చిన్న ముక్క ఒకటుంది గానీ, అంత చిన్నదానికి ఏం అర్థం ఉంటుందిలే అనుకున్నాను.

“మీ ఆయన వస్తాడక్కా. ప్లూస్ అని కూడా రాశారు. అంటే ఇంకా గట్టిగా వస్తాడని.”

“సరిగ్గా చూశావా?”

“లెక్కల్లో నాకెప్పుడూ తప్పు రాదు,” అన్నాను.

అక్క అరుగు అలికి ముగ్గు పెట్టింది. ట్రంకుపెట్టెలోంచి ఆయన చొక్కాలు తీసి, ఉతికి ఆరేసింది. గాలికి అవి చేతులూపుతుంటే గుమ్మంలో నిలబడి చూసేది. రెండో రోజు పులస తెప్పించి పులుసు పెట్టింది. మర్నాటికైతే ఇంకా బాగుంటుందని మూతపెట్టి, నాక్కూడా ఒక్క ముక్క పెట్టలేదు.

మూడో రోజు తాతయ్య వచ్చాడు. నేనే ఎదురెళ్ళి, ఉత్తరం చదివిన సంగతి గొప్పగా చెప్పాను. ఆయన కాళ్ళయినా కడుక్కోకుండా పక్కింటికి వెళ్ళి, ఉత్తరం అడిగి తీసుకుని, కట్టులేని కంటికి దగ్గరగా పెట్టుకుని పైకి చదివాడు. చివరి మాటని ‘ప్లూ’ అన్నాడు. ‘స’ పలకలేదు.

“ప్లూస్, తాతయ్యా,” అని దిద్దాను.

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యలేదు. “లెక్కల్లో అయితే పలుకుతుందమ్మా. ముందు ‘న’ ఉంటే పలకదు. ఇక రాడు అని రాశారు,” అన్నాడు. నాకే చెప్పాడు. చూపు మాత్రం అక్క వైపు ఉంది.

ఆ తర్వాత చాలా రోజులు నేను పక్కింటి గడప తొక్కలేదు. చివరికి అక్కే వచ్చింది. వంటింట్లో బియ్యపు డబ్బాల చాటున దాక్కున్నదాన్ని చెయ్యి పట్టుకుని లేపింది.

“తప్పు చదివానక్కా.”

“మూడు రోజులు ఆయన దారిలో ఉన్నాడే నాకు. ఆ మూడు రోజులూ నువ్విచ్చినవేగా,” అని కొంగుముడి విప్పి ఉత్తరం తీసింది. “మీ తాతయ్య చదువు వద్దు. నీ చదువు చదువు.”

చదివాను. ‘న’ మింగేసి, ‘స’ పలికి చదివాను. తెలియక చదివినప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, తెలిసి చదువుతుంటే అంత బరువుగా వచ్చింది. తర్వాత కూడా అప్పుడప్పుడూ మధ్యాహ్నాలు పిలిచి చదివించుకునేది. ఒకసారి నేను ‘వియాంద్రా’ అన్నానో లేదో, అరుగు మీద ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఇద్దరం విన్నాం. అక్క లేవలేదు. నేను తల తిప్పలేదు. కాసేపటికి ఆమే మెల్లగా, “మిగతాది చదువు,” అంది. నేను ఇంటికి వెళ్ళేటప్పుడు చూస్తే అరుగు మీద చెప్పులేం లేవు.

ఇక్కడ మిస్సిసాగాలో, మా కాండో లిఫ్టులో ఒక ఇటలీ ముసలావిడ మనవణ్ణి రమ్మనడానికి ‘వియేనీ’ అని పిలుస్తుంది. కింది అంతస్తు పోర్చుగీసావిడ తన కుక్కని ‘వెమ్’ అంటుంది. ఇవన్నీ లాటిన్‌లో పుట్టిన ఆ ఒక్క క్రియేనని నువ్వే కదా చెప్పావు అమ్మలూ. వాళ్ళు అన్నప్పుడల్లా నేను తలుపు వైపు చూస్తాను. దాని వెనక ఇంకేం మాట వస్తుందోనని ఊపిరి బిగబట్టుకుంటాను.

నిన్న, మీరు నా దగ్గరికి వస్తామన్న రోజున, ఫ్రెంచిలో పెట్టిన మెసేజ్ చూశాను. 401 హైవే మీద మంచు ఎక్కువగా ఉందని మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. మంచిపనే చేశారు, అలాంటప్పుడు బయల్దేరకూడదు. మూడే మాటలు రాశారు, చివర ‘ప్లూ’. ఈసారి నాకు అర్థం తెలుసు. తల మీద తాతయ్య చెయ్యి ఉన్నట్టే, ఒక్క ముక్కా వదలకుండా చదివాను. స్టవ్ మీది చేపల పులుసు దించి, రేపటికి ఇంకా బాగుంటుందిలే అని మూతపెట్టాను. అప్పుడు ఇంకోసారి పైకి చదివాను, ‘స’ పలికి.