ఎండ డబ్బను నమ్మని అవ్వ

మా వీధి ఇస్త్రీ అవ్వ పోయింది. మొన్న మంగళవారం పొద్దున ఆమె కూతురు మా గేటు దగ్గరికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడింది. "తెల్లారంగ పానం వోయిందమ్మా. మీకు జెప్పకుంటె నన్ను తిడ్తదని వచ్చిన," అంది. ఆ మాట అన్నాకే తనకు ఏడుపు వచ్చింది.

అవ్వ అసలు పేరు ఈ వీధిలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు గానీ ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. ఇక్కడా అవ్వ అనే రాస్తాను.

మేము తెనాలి నుంచి మాదాపూర్ వచ్చి ఒక మేడ మీది వాటాలో అద్దెకు దిగినప్పుడు చుట్టూ బండరాళ్లే. ఆఫీసుల కోసం వాటిని పేలుస్తుండేవారు. మధ్యాహ్నం పూట మొదట ఈల వినిపించేది, తరవాత కిటికీ అద్దాలు అదిరేవి, ఆ తరవాత దుమ్ము. మేడ మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి అట్టల్లా బిగుసుకుపోయేవి. పాపకు నాలుగో నెల. దాని గుడ్డల్లో రాతిపొడి చేరి ఒళ్లంతా ఎర్రగా పొక్కింది. అందుకే మావారు ఆరు నెలల పనికి సింగపూర్ వెళ్లి తిరిగి వస్తూ, చీరలూ సెంట్లూ కాకుండా బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ తెచ్చారు. వీధంతా చూడ్డానికి వచ్చింది. అవ్వ కూడా గుమ్మంలో నిలబడి చూసి, "ఎండను డబ్బల వెట్టి తెచ్చిండ్రా!" అంది. అప్పట్నుంచి అది ఎండ డబ్బే అయింది.

దాన్ని వంటింటి వెనక చిన్న గదిలో పెట్టాం. గోడకు అవతల పాప ఉయ్యాల. డ్రయ్యర్ వెనకనుంచి ఒక వెడల్పాటి గొట్టం గోడలోంచి పక్క సందులోకి తెరుచుకునేది. బట్టల తడి ఆవిరై అందులోంచి బయటికి పోవాలి. ఆ గొట్టం మూతికి సరిగ్గా కింద, సందులో, అవ్వ ఇస్త్రీ బండి.

అవ్వకు అరవై దాటి ఉంటాయి. పొద్దున్నే బొగ్గులు రాజేసి, ఇస్త్రీ పెట్టె మూత తెరిచి ఊదుతూ కూర్చునేది. ఏ బట్టనైనా ముందు చెంపకు ఆనించుకునేది, తరవాత వాసన చూసేది. ఇస్త్రీ చేసిన బట్టను వెంటనే మూటలో పెట్టేది కాదు. ఒక్కొక్కటీ బండి అంచున పరిచి చల్లారాక గానీ కట్టేది కాదు. ఆఫీసుకు వేళయిందని ఎవరు తొందరపెట్టినా, "ఉడుకు మూట నేను గట్ట," అనేది. మొండిదనుకునేవాళ్లం.

మొదటి నెలలోనే ఆమె మా ఇంటి మీదికి పంచాయితీకి వచ్చింది. "బిడ్డా, మీ డబ్బ నా బండి మీద దూది కక్కుతుంది. తెల్లంగీలకు నూగు వట్టుకుంటుంది. జర సూడుండ్రి." బట్టల నుంచి రాలే నూగును పట్టడానికి డ్రయ్యర్ తలుపు దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని దాటిపోయిన నూగు గొట్టంలోంచి కింద పడుతోంది. ఆ ఆదివారం మావారు నిచ్చెన వేసుకుని గొట్టం మూతికి సన్నటి జాలీ బిగించారు. నూగు పడటం ఆగిపోయింది. అవ్వ సంతోషించింది. పావురాలు దూరే భయమూ పోయిందని నేనూ సంతోషించాను. మా కష్టాలన్నీ ఆ జాలీతోనే మొదలయ్యాయని అప్పుడు ఎవరికీ తెలియలేదు.

రెండు నెలలయ్యేసరికి గంటలో ఆరే బట్టలు రెండు గంటలు తిరిగినా ఆరలేదు. కరెంటు తక్కువ వస్తోందేమో అనుకున్నాను. ఒకరోజు ఇస్త్రీకి ఇచ్చిన తువ్వాలును అవ్వ చెంపకు ఆనించుకుని, అలాగే ఉండిపోయింది.

"ఇది పైకి ఆరింది బిడ్డా, లోపల ఉడుకుతుంది. వాసన సూడు."

చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

"కాలే ముందు బట్టకు ఒక వాసనొస్తది. నల్వై ఏండ్ల సంది నా ముక్కుకు ఎరుకే." ఈమధ్య పని మధ్యలో తరచూ తల ఎత్తి చూస్తున్న మేడ మీది గొట్టం వైపు చూపించింది. "సలికాలం పొద్దుగాల దాంట్లకెల్లి పొగ లెక్క ఆవిరి వచ్చేది. ఇప్పుడు వస్తలేదు. మరి ఆ ఆవిరి యాడికి వోతుంది?"

మావారితో చెప్పాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదివి ఆగిపోతాయని లోకమంతా కంగారు పడుతున్న రోజులు. ఆయన పనీ అదే, పాత ప్రోగ్రాముల్లో అలాంటి చోట్లు వెతకడం. "ఈ ఆదివారం తప్పకుండా చూస్తాను," అన్నారు. ఆదివారాలు కూడా ఆఫీసే అయ్యాయి.

ఆ తరవాత డ్రయ్యర్ మధ్యలో దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. పైరేకు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఓ అరగంట చల్లారితే మళ్లీ తిరిగేది. కొన్నాళ్లకు అదీ లేదు, పూర్తిగా ఆగింది. తెలిసినవాళ్లు చెప్పిన ఒక మెకానిక్‌ని పిలిచాను. వెనక రేకు విప్పి, చిన్న ముక్కేదో తీసి చూపించాడు. "సేఫ్టీ ఫ్యూజ్ మేడమ్. వేడి ఎక్కువైతే కరెంటు కట్ చేస్తుంది. ఇది ఇక్కడ దొరకదు. డైరెక్ట్ చేసేశాను, ఇంక ఆగదు." నిజంగానే ఆగలేదు. ఆ సాయంత్రం మూడు వాయిల బట్టలు ఆరాయి. వేడికి కారణమేమిటని అతను చూడలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు అవ్వకు గొప్పగా చెప్పాను. ఆమె చేతిలోని ఇస్త్రీ పెట్టెను పక్కన పెట్టేసింది.

"ఆగేదాన్ని ఆగకుంట జేసిండా? అది పరేషానై ఆగుతుంది బిడ్డా. ఎందుకు ఆగుతుందో సూడకుంట దాని నోరు మూసిండ్రు."

"అతను మెకానిక్ కదవ్వా."

అప్పుడు చెప్పింది, గొంతులో ఏ మార్పూ లేకుండా. పాలమూరు దిక్కు ఊళ్లో ఉన్నప్పుడు పెళ్లిబట్టలు ఇస్త్రీ చేసి, తొందరలో వేడివేడిగానే మూట కట్టింది. బొగ్గు రవ్వ ఒకటి మడతల్లో ఉండిపోయింది. "మూట పైకి సల్లగనే ఉండె. నేను ముట్టి సూసిన. నా పెద్ద బిడ్డకు మూడేండ్లు. మెత్తగ ఉన్నదని దాని మీదనే పండుకుంది. నేను నీళ్లకు వోయి వచ్చెటాల్లకు..." తరవాత మళ్లీ పెట్టె అందుకుని, కాలర్ మడిచి రుద్దడం మొదలుపెట్టింది. "నిప్పు లోపలుంటే పైన ఏం తెల్వదు బిడ్డా. గంతే."

ఆ రోజు డ్రయ్యర్ ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. మూడో రోజు ముసురు పట్టింది. పాప గుడ్డలన్నీ తడి. ఈ ఒక్క వాయి అనుకున్నాను. అలా ఒక్కొక్క వాయి అనుకుంటూనే వారం గడిచింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆమె గురించి రాస్తూ దీన్ని దాచలేను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వర్షం నిలకడగా పడుతోంది. పాప నిద్రపోయింది. డ్రయ్యర్ నిండా బట్టలు వేసి, వంటింట్లో పాలు కాస్తున్నాను. లైటు ఆరిపోయింది. కరెంటు పోవడం మామూలే కదా అని అలాగే గరిట తిప్పుతున్నాను. వెనక గదిలో డ్రయ్యర్ తిరిగే చప్పుడు ఆగింది గానీ, చిటచిటమని ఇంకేదో చప్పుడు ఆగలేదు. వర్షం అనుకున్నాను.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కడమే మానేసిన అవ్వ, తడిసిన కొంగుతో గుమ్మంలో నిలబడి ఉంది. పీల్చిన ఊపిరి మాటగా రావడానికి కొంచెం సేపు పట్టింది.

"కాలిన వాసనొచ్చింది. కింద కరెంటు మెయిన్ నేనే బంద్ జేసిన. పిల్ల యాడుంది?"

అప్పుడు చూశాను. వెనక గది తలుపు సందులోంచి గోధుమరంగు పొగ నేల మీద పాకుతోంది. నేను అటే పరుగెత్తాను. డ్రయ్యర్ గాజు తలుపు లోపల, నల్లటి పొగ వెనక, ఎర్రటి చుక్కలు. తలుపు తెరిచి బట్టలు బయటికి లాగేయాలన్నదే నా బుర్రలో ఉంది. పిడి మీద చెయ్యి వేయబోతే అవ్వ మణికట్టు పట్టుకుంది. బొగ్గులు ఎత్తిన చెయ్యి అది, విడిపించుకోలేకపోయాను.

"తలుపు తియ్యకు! గాలి తగిల్తె బగ్గున లేస్తది. పిల్లను ఎత్తుకో. దిగు."

పాపను ఎత్తుకుంటూ, తూలి ఉయ్యాల పక్క గోడకు చెయ్యి ఆనించాను. వెంటనే తీసేశాను. ఆ గోడ పెనంలా ఉంది. అవ్వ వెనక గది తలుపు మూసి, బకెట్‌లోని తడి బట్టలు కింది సందులో కుక్కింది, పొయ్యి కట్టేసింది. ఆ తరవాతే మెట్లు దిగింది, ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ.

ఫైరింజన్‌కి పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. అది వచ్చేలోపే ఎదురుగా కడుతున్న భవనం నుంచి కూలీలు ఇసుక బస్తాలతో పరుగెత్తుకొచ్చారు. వర్షంలో పాపను కొంగులో దాచుకుని నిలబడి పైకి చూశాను. గొట్టం మూతి నుంచి పొగ రావడం లేదు. ఇల్లంతా పొగతో నిండిపోయినా, అక్కడ నుంచి మాత్రం సన్నటి చార కూడా రావడం లేదు.

మంటలు ఆ గది దాటలేదు. కప్పు మాత్రం నల్లబడింది. సాయంత్రం మావారు గొట్టం ఊడదీశారు. లోపల నూగూ రాతిదుమ్మూ ఆవిరికి కలిసి సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. నేలకేసి కొడితే పెళ్ళలుగా విరిగాయి. ఆ చివర జాలీ కూడా కనిపించకుండా పూడిపోయింది. ఆయన దాన్ని కిందికి తీసుకెళ్లి అవ్వ ముందు పెట్టారు.

అవ్వ దాన్ని చూసి, "నేను దూది వడ్తుందని అనకపోతే మీరు ఆ జాలి వెట్టకపోతిరి," అంది.

"తప్పు నాదవ్వా. నువ్వు చెప్పినప్పుడే చూడాల్సింది," అన్నారు ఆయన.

"నా మాట మీదనే వెట్టినవు గద కొడుకా," అని బండి పక్కన నేల మీద కూర్చుంది. ఆ వేళ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వెలిగించలేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఇన్నాళ్లూ తల పైకెత్తి ఆ గొట్టాన్ని ఎందుకు చూస్తూ ఉండేదో. తన మాట మీద ముట్టుకున్నది కనక దాని భారం తనదే అనుకుంది.

ఆరు నెలల తరవాత, దుమ్ము తగ్గక, ఇంకో డ్రయ్యర్ కొన్నాం. ఈసారి పెట్టే చోటు అవ్వ చూసి సరేనన్నాకే కొన్నాం. పాప గదికి దూరంగా, గొట్టం పొట్టిగా, వంకర లేకుండా, మూతికి జాలీ లేకుండా గాలికి లేచే రేకు మూతతో. వారానికోసారి ఆ మూత కింద చెయ్యి పెట్టి గాలి జోరు చూడటం నా పని. నెలకోసారి గొట్టం విప్పి దులపడం మావారి పని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అది తిరగకూడదు. ఇక అవ్వ బట్టలు తీసుకునే ముందు, "నూగు తీసినవా? ఏదీ, సూపియ్యి," అనేది. జల్లెడ నుంచి తీసిన ఆ బూడిదరంగు పొరను నేను అరచేతిలో పెట్టుకుని మేడ దిగి చూపించాల్సిందే. ఒకసారి నవ్వొచ్చి, "నమ్మకం లేదా అవ్వా?" అన్నాను. "నీ మీద ఉంది బిడ్డా, దాని మీద లేదు," అంది.

ఇలా ఏళ్లు గడిచాయి. ఈ ఏడాది ఎండలు ముదిరేసరికి ఆమెకు దగ్గు పట్టుకుంది. బొగ్గు పొగ, రాతి దుమ్ము రెండూ ఊపిరితిత్తుల్లో చేరాయని దవాఖానలో చెప్పారట. కూతురు తనుండే బాచుపల్లికి తీసుకుపోయింది. బండి నడపడానికి మాత్రం కూతురే రోజూ ఇక్కడికి వచ్చేది. కిందటి నెల చూడ్డానికి వెళ్లాను. ఊపిరి తీసుకుంటుంటే లోపల ఈల వినిపిస్తోంది. నా చేతిని చెంపకు ఆనించుకుంది. "నాది కూడ గొట్టం పూడింది బిడ్డా," అని నవ్వబోయింది, దగ్గు వచ్చింది. నేను నవ్వలేకపోయాను. మా ఇంటి సంగతి కనిపెట్టిన మనిషికి తన సంగతి ముందే తెలిసుండాలి. ఫికర్ చెయ్యకని నన్నే ఓదార్చింది.

మంగళవారం మేము బాచుపల్లి వెళ్లేసరికి ఆమెను శ్మశానానికి తీసుకుపోయారు. వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పక్కన రెండు రాతి స్తంభాలకు కట్టిన తాడు మీద ఆమె చివరిసారి కట్టిన ఆకుపచ్చ చీర, ఉతికి ఆరేసి ఉంది. ఉత్తరాన మబ్బు దిగి, గాలి లేచింది. మొదటి చినుకులు పడ్డాయి. అలవాటుగా లేచి చీర తీయబోయాను.

కూతురు నా కొంగు పట్టుకుని ఆపింది. "ఉండనియ్యమ్మా. ఇగ అది ఆరే పని లేదు."

మళ్లీ కూర్చున్నాను. వాన జోరందుకుంది. మా కళ్లెదుటే ఆ చీర నిలువునా తడిసి, బరువెక్కి, నేలకు సాగుతూ వచ్చింది.