మేడం అడిగిన ఎముకలు

సిరుగుప్ప బస్సులో వచ్చి మా బళ్ళారి కాలేజీలో పాఠం చెప్పే జువాలజీ మేడం, గడ్డి తినే డైనోసార్ల పాదాల ఎముకల నమూనాలను పక్కపక్కనే పెట్టి, ఒక్కోదాన్నీ వేలితో తడుముతూ, "భారం యాడ ఆనిందో చూడండప్పా" అనేవారు.

షుగరు ముదిరి ఆమె పాదమే కుళ్ళిపోయింది. తీసేసే ముందురోజు, తోటి లెక్చరర్నని నన్ను పిలిచారు.

"నా పాదం ఎముకలు మనకిస్తారేమో డాక్టర్ని అడుగప్పా. ఆ డైనోసార్ల నమూనాల పక్కన పెడితే పిల్లోళ్ళకు తేడా తెలుస్తాది."

"ఏం మాటలు మేడం ఇవి?"

"నన్ను మోసింది సాలు. ఇంక పాఠం చెప్పనీ."

డాక్టరు నన్ను పిచ్చివాడనుకుంటాడని అడగలేదు. మర్నాడు, కట్టుకట్టిన కాలితో పడుకున్న ఆమెకు, డాక్టరు ఒప్పుకోలేదని చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నవ్వకుండా పోయి అడిగినావు కదప్పా. అదే సాలు."