బాబుఘాట్ మెట్ల కింద పిలుపు

గంగ మీద ఒట్టు. ఇక్కడ దాన్ని హుగ్లీ అంటారు గానీ, ఒట్టుకి పనికొచ్చే గంగే. నా కబుర్లు నమ్మి తర్వాత తిట్టుకున్నవాళ్ళు హౌరాలో మా టికియాపారా రైల్వే క్వార్టర్లలో చాలామందే ఉన్నారు. ఇది మాత్రం ప్రతి అక్షరం నిజం.

లోడ్ షెడ్డింగ్ రోజులవి. మా అప్పా (అక్కని మేం అప్ప అంటాం), బావా కలకత్తా చూడ్డానికని పలాస నుంచి వచ్చారు. కాళీఘాట్, జూ, విక్టోరియా... అన్నీ ఒక్కరోజులో తిప్పేశాను. విక్టోరియా దగ్గర అప్ప చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అంత తెల్లరాయి పరిచి కట్టింది గుడి కాకపోతే మరేటని ఆవిడ వాదన.

బావ పేరు సింహాచలం. పెళ్ళయిన నాటి నుంచీ అప్ప ఆ పేరు నోట పలకలేదు. స్వామికి మొక్కు తీర్చుకొచ్చినా "ఆ కొండకెళ్ళొచ్చినాం" అంటుందే తప్ప కొండ పేరు కూడా ఎత్తదు.

మసక చీకట్లో బాబుఘాట్ చేరాం, లాంచీలో హౌరా వెళ్ళిపోదామని. జెట్టీ దగ్గర ఒకటే తోపులాట. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఇవతలి గట్టు లేదు. అవతలి హౌరా లేదు. అంత పెద్ద వంతెన... అదీ లేదు. మెట్లకి నీళ్ళు కొట్టుకునే చప్పుడొక్కటే. తప్... తప్...

"మీ అప్పేదిరా?" అన్నాడు బావ.

నా చేతిలో ఆమె చెయ్యి లేదు. ఊరు కొత్త, భాష రాదు, నది పోటు మీదుంది. ఇద్దరం గొంతులు పోయేలా అరిచాం. ఆ గోలలో ఎవరు వింటారు...

అప్పుడు పిలిచింది.

"సింహాచలం..."

మెట్ల కింద నుంచి. నీళ్ళ అంచు నుంచి. అప్ప గొంతే... అదే సాగతీత.

బావ ఒక మెట్టు దిగాడు. ఇంకొకటి... కాలి కింద పాకుడు. మళ్ళీ అదే పిలుపు, ఈసారి కాస్త సన్నగా. బావ ఆగిపోయాడు. తడుముకుని నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది మీ అప్ప కాదురా. మీ అప్ప నన్ను పేరెట్టి పిలుత్తాదేటి?"

ఆ పిలుపుకి మేం పలకలేదు. వెనక్కి తిరగకుండా పైకి ఎక్కేశాం. కింద బుడుంగుమని ఒక్క చప్పుడు... అంతే.

లైట్లొచ్చేసరికి అప్ప జెట్టీ గేటు దగ్గర నిలబడి ఉంది. చీర నడుం దాకా తడిసి, నీళ్ళోడుతోంది. నువ్వేనా పిలిచిందని అడిగితే, "నా నోట ఆ పేరెలాగొత్తాది?" అంది.

ఒట్టు గంగ మీద వేశాను కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ చివరి మాట నేను కల్పించింది. మేం అడగలేదు. ఆవిడా చెప్పలేదు. లాంచీ హౌరా చేరేదాకా బావ ఆమె కొంగు పిండుతూనే కూర్చున్నాడు, తలెత్తకుండా.

పిలిచింది దయ్యమైతే మేం బతికి బయటపడ్డట్టే. అప్పే అయితే...