గమకాల గవర్రాజు పారాయణం

పుస్తకం చదివి పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నర్సీపట్నం రండి. మా వీధి మొదట్లో ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు. ఆ నవ్వెందుకో వాళ్ళ నోట వినడం కంటే నా నోట వినడమే మీకు మంచిది. వాళ్ళు కాస్త కలిపి చెబుతారు.

ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక నాకు రెండే వ్యాపకాలు మిగిలాయి. ఒకటి, కుర్రతనం నుంచీ ఒక్కరోజూ మానకుండా రాస్తున్న డైరీ. రెండోది, సినిమావాళ్ళ, పాటగాళ్ళ జీవితచరిత్రలు. పైపైన నాలుగు మంచిమాటలు రాసి వదిలేసే పలచని పుస్తకాలు నాకానవు. ఆ మనిషి ఏం తినేవాడు, ఎవరితో మాట మానేశాడు, ఎందుకు మానేశాడు, అన్నీ ఉండాలి. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావుండాలి.

అలాంటివి చదివితే గుండె దడ మామూలే. తెరమీద మనల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన హాస్యనటుడు ఇంట్లో పెళ్ళాంతో చీటీలు రాసుకుని మాట్లాడేవాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. భక్తిపాటలకు పేరుబడ్డ గాయకుడికి కోడిపందేల పిచ్చి అని చదివినప్పుడైతే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మా ఆవిడ సత్యవతి వంటింట్లోంచే, "బీపీ బిళ్ళ ఏసుకుని సదవండీ!" అని కేకేసింది.

ఇంతటి దిగ్భ్రాంతిని ఒక్కడినే అనుభవించడం స్వార్థమనిపించింది. కారు లేని మా కారు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, సాయంత్రం పూట వీధివాళ్ళకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. చదవడమంటే ఏదో చదివెయ్యడం కాదండీ. పారాయణ పద్ధతి! ముందు దీపం. చివర సత్యవతి చేసిన శనగల గుగ్గిళ్ళ ప్రసాదం. నడుమ నా నియమాలు. పేజీలు ముందుకు తిప్పి చూడకూడదు. అధ్యాయం మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపితే దోషం. ఏం దోషమో ఎవరూ అడగలేదు. అడిగుంటే నాకూ తెలియదు. పేరాకోసారి నా వ్యాఖ్యానం మాత్రం ఉచితం.

ఆ రోజుల్లోనే గమకాల గవర్రాజు గారి జీవితచరిత్ర మొదటి భాగం వచ్చింది. పాయకరావుపేటలో పుట్టి, ఆర్కెస్ట్రాల్లో పాడి, మద్రాసు వెళ్ళి అంతటివాడైన మహాగాయకుడు. ఆయన విషాదగీతాల్లో నాకు ప్రాణమైనదాన్ని, వీధంతా 'కిటికీ పాట' అని పిలిచేదాన్ని, ఫోనుకి రింగుటోనుగా పెట్టుకున్నాను. ఇంతకంటే అభిమానం ఏముంటుంది చెప్పండి?

'తొలి గాయం' అనే అధ్యాయం మొదలుపెట్టిన సాయంత్రం షెడ్డు నిండిపోయింది. ముందు వరసలో పక్కింటి అప్పలనర్సమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆవిడ పక్కన ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు సన్యాసిరావు గారు.

"కుర్ర గవర్రాజు యలమంచిలిలో ఒక పెళ్ళికి పాడటానికి వెళ్ళాడు..." అని చదివానో లేదో,

"తమరి అత్తోరి ఊరే కదండి బాబూ!" అంది అప్పలనర్సమ్మ.

"అవునమ్మా! ఎంతటి భాగ్యం చేసుకున్న ఊరో చూడు!" అని పొంగిపోయి ముందుకు సాగాను.

రైల్వే స్టేషను ఎదుటి సందులో, ఒక ఇంటి కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్న అమ్మాయిని చూశాడట గవర్రాజు. అంతే, పని ఉన్నా లేకపోయినా ఆ సందులోనే తిరుగుతూ పాడాడట. ఆఖరికి పెద్దమనుషుల్ని పంపి సంబంధం అడిగించాడు. అమ్మాయి వద్దంది. వద్దని, ఎవరో ప్రభుత్వ గుమాస్తాని చేసుకుంది.

ఇక్కడ నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వ్యాఖ్యానానికి దిగాను. అయ్యా, అప్పటి నా గొంతు ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది.

"చూశారా హెడ్మాస్టారూ! ఇంటి ముందుకొచ్చిన గంధర్వుణ్ణి కాదని గుమాస్తాని కట్టుకుందంటే, ఆ పిల్లకి బుర్రలో గుజ్జు లేదు. ఇక ఆ గుమాస్తా ఎవడో గానీ వట్టి దద్దమ్మ అయ్యుంటాడు. ఫైళ్ళ మధ్య బొద్దింకలాంటివాడు!"

షెడ్డంతా నవ్వింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అది నేను పట్టించుకోలేదు. తరువాతి పేరా ఎత్తుకున్నాను.

"ఆ వరుడు ట్రెజరీలో ఉద్యోగి. పెళ్ళిచూపుల్లో పెట్టిన పకోడీలను సైజు వారీగా పేర్చుకుని, చిన్నవాటితో మొదలుపెట్టి తిన్న మనిషి. పెళ్ళిపీటల మీద జీలకర్ర బెల్లం పెట్టబోతుంటే..."

నేను చప్పున ఆగిపోయాను. పకోడీలంటే ఎవరైనా పేర్చుకోవచ్చు. కానీ తరువాతి వాక్యం మీద పడిన నా కళ్ళు ఇక అక్కణ్ణుంచి లేవలేదు.

"ఆగిపోనారేటి బాబూ? సదవండి బేగి. కూర పొయ్యి మీదెట్టి వచ్చినాను," అంది అప్పలనర్సమ్మ.

"గొంతు... కొంచెం బొంగురు పోయింది. రేపు చదువుకుందాం."

"అదెలా కుదురుద్దండీ?" సన్యాసిరావు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అధ్యాయం మధ్యలో ఆపితే దోషమని మీరే అన్నారు కదా. నాకు మోకాలు నొప్పెక్కువై లేవబోతే కూర్చోబెట్టేశారు మొన్న!"

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. మోగడమంటే ఏమిటి, కిటికీ పాట! గవర్రాజు గారు నా జేబులోంచి నా మొహాన ఏడుస్తున్నారు. తీసి చూస్తే గ్యాసు వాళ్ళు. కట్టేసి, వేరే దారిలేక, ఉరిశిక్ష తనకు తానే చదువుకుంటున్నవాడిలా చదివాను.

"...జీలకర్ర బెల్లం పెట్టబోతుంటే, చేతి గడియారం చూసుకుని, 'ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలుంది, ఆగండి' అని పురోహితుణ్ణి ఆపిన ఘనుడు ఆ వరుడు."

అందరి తలలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. ఎందుకంటే, ఆ నాలుగు నిమిషాల కథ మా వీధిలో తెలియనివారు లేరు. ప్రతి పెళ్ళిలోనూ విస్తరి ముందు కూర్చుని నేనే గొప్పగా చెబుతూ వచ్చాను.

అప్పలనర్సమ్మ చేతిలో చిక్కుడుకాయ కిందపడింది. "ఓలమ్మో! ఆ దద్దమ్మ తమరేనేటి బాబూ?"

"బొద్దింక కూడా," అన్నారు సన్యాసిరావు గారు, చాలా మర్యాదగా.

అప్పటికి సత్యవతి గుగ్గిళ్ళ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ మొహం వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. పరువు సంగతి అటుంచండి. ఆ క్షణాన నాకు కావలసిన జవాబు ఒక్కటే. ఇన్నేళ్ళ కాపురంలో నా ఎదుట కూర్చుని ఈ మనిషి ఒక్కసారైనా, ఆ సందులో పాటగాడికి ఊఁ అని ఉంటే బాగుండేదే అనుకుందా?

వీధంతా వింటోందన్న సంగతి మరిచి అడిగేశాను. "సత్యవతీ, ఆయన్ని ఎందుకు వద్దన్నావు?"

సత్యవతి ఏమాత్రం తొణక్కుండా గుగ్గిళ్ళు పంచడం మొదలెట్టింది. "ఆయన పాడితే వీధి వీధంతా వచ్చి ఇంటి ముందు కూకునీవోరండీ. పగలనీ లేదు, రేత్రనీ లేదు. ఆయన్ని సేసుకుంటే బతుకంతా జనానికి టీలు పెట్టడమే కదా అనిపించింది. మీరైతే పెళ్ళిచూపుల్లో కడుపులో మాట కూడా పైకి రాకుండా కూకున్నారు. ఈయనైతే ఇల్లు పెశాంతంగా ఉంటాది, ఎవరూ పోగవ్వరు అనుకుని సేసుకున్నాను." షెడ్డు నిండా ఉన్న జనాన్ని ఒకసారి కలయజూసింది. "తీరా ఇదీ!"

"మరి... ఎప్పుడైనా బాధపడ్డావా?" అని మెల్లగా అడిగాను.

"లేదండీ. ఈ పారాయణం మొదలెట్టాకే, గుగ్గిళ్ళకి శనగలు నానబోసినపుడల్లా కొంచెం."

అందరూ నవ్వుతున్నారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. సన్యాసిరావు గారు మాత్రం నవ్వలేదు. ఆయనకి లెక్క ఎక్కడో తప్పింది. "అమ్మా, అయితే పకోడీల సంగతి ఈ రాసినాయనకి ఎవరు చెప్పినట్టు?"

"నానే సెప్పాను మాస్టారూ. ఈయన బ్యాంకుకెల్లినపుడల్లా వచ్చారాయన, రెండు పూటలు కూకుని రాసుకున్నారు. పాపం, మంచాయన."

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచినంత పని చేశాను.

"ముందుకి తిప్పి సూడకూడదన్నారు కదా, మీ నేమం సెడగొట్టడం దేనికని," అంటూ చివరి గుప్పెడు గుగ్గిళ్ళు నా చేతిలో పోసింది. "ఇంతకీ నాను సెప్పిందాంట్లో సగమే ఏశారు. మన పెళ్ళయ్యాకవన్నీ రెండో భాగంలో ఏత్తారంట."

ఆ గుగ్గిళ్ళు తిరిగి గిన్నెలో పోసేశాను.

కాబట్టి నర్సీపట్నం పుర ప్రజల సాక్షిగా, ఇంట్లో వెలిగించిన దీపం సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ గాయకుడి జీవితచరిత్రనూ, ఏ నటుడి జీవితచరిత్రనూ పదిమందిలో బిగ్గరగా చదవను. ఎవరి మొగుణ్ణీ దద్దమ్మ అనను. గవర్రాజు గారి రెండో భాగం వచ్చిన నాడు ఊళ్ళో ఉన్న కాపీలన్నీ నేనే కొంటాను. కొని, తలుపు గడియ పెట్టుకుని, చివరి పేజీ నుంచి వెనక్కి చదువుతాను.